ఒక్క మనిషికి రెండు విద్యలు

పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలాడుతుంటే మనకు ఒళ్లు మండుతుంది కదండీ. నాకూ అంతే. "కళ్లు పోతయ్ రా", "అన్నం చల్లారిపోతోంది రా" అని గుమ్మం దగ్గర నిలబడి అరవడమే తప్ప ఆ డబ్బాలో ఏముందో తొంగి చూసిన పాపాన పోలేదు. అలాంటి నేను ఇవాళ మీకు ఓ వీడియో గేమ్ గురించి, అందులో రెండు విద్యలున్న మనుషులను ఎట్లా తయారు చేసుకోవాలనే దాని గురించి చెప్పబోతున్నాను. నవ్వకండి. నవ్వేదేదో చివరిదాకా చదివాక నవ్వుదురు గాని.

మాది జనగామ జిల్లా నర్మెట్ట. బోర్లను నమ్ముకున్న వ్యవసాయం. మా పెద్దవాడు బీకాం చదివి హైదరాబాదులో ఓ ఆఫీసులో నాలుగేళ్లు లెక్కల పని చేశాడు. సంక్రాంతికని వచ్చినవాడు మళ్లీ పోలేదు. ఉద్యోగం పోయిందన్న మాట నాలుగు రోజులకు గాని బయటపెట్టలేదు. చెప్పినాక గదిలో చేరి పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పొద్దున అదే, రాత్రి అదే. మా ఆయన పొలం నుంచి వచ్చి ఆ గది వైపు ఒకసారి చూసి, ఒక్క మాటా అనకుండా కాళ్లు కడుక్కునేవారు. అరిచినా బాగుండేది. ఆ మౌనానికే నాకు భయం పట్టుకుంది.

ఒకనాడు చిక్కుడుకాయల చాట పట్టుకుని పోయి వాడి మంచం మీద కూర్చున్నాను. ఈనెలు తీస్తూ, "ఏందిరా ఇది? నాకు గూడ చెప్పు" అన్నాను.

"నీకు సమజ్ కాదే అమ్మా" అన్నాడు.

"ఇంటర్ పాసైనదాన్ని. చెప్పి చూడు" అన్నాను. వాడికి నవ్వొచ్చింది. నెల రోజులలో అదే మొదటి నవ్వు.

ఆ ఆట పేరు బాల్డర్స్ గేట్. కెనడాలోని బయోవేర్ అనే కంపెనీ 1998లో తయారు చేసిందట. 2012లో దాన్ని కొత్త కంప్యూటర్లకు తగినట్టు సరిచేసి మళ్లీ విడుదల చేశారు. మావాడి దగ్గరున్నది అదే. పాత లాప్‌టాప్ మీద కూడా చక్కగా నడుస్తుంది. దీని నియమాలు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఇంకో ఆట నుంచి వచ్చాయి. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు 1974లో దాన్ని తెచ్చారు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, పాచికలు పెట్టుకుని బల్ల చుట్టూ కూర్చుని ఆడేది.

బాల్డర్స్ గేట్‌లో మనం ఒక్కరం కాదు, ఆరుగురి దాకా ఒక జట్టు. రాక్షసులు, మంత్రగాళ్లు, గుహలు. అచ్చం మన చందమామ కథల లోకం. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో వృత్తి. ఒకరు కత్తి యోధుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు గాయాలు మాన్పే పూజారి, ఒకరు తాళాలు తీసి ఉచ్చులు కనిపెట్టే దొంగ. ఇక్కడ దొంగంటే చెడ్డవాడేమీ కాదు. ఆ విద్య పేరే అది. పోరాటాలలో గెలిచినకొద్దీ అనుభవం అని అంకెలు జమవుతాయి. అవి ఇంతయితే రెండో మెట్టు, ఇంతయితే మూడో మెట్టు అని లెక్క.

మా వైపు వాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఒగ్గు కథ చూడని వాళ్లెవరు? మా జనగామ జిల్లాలోనే మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారిది. 2017లో కాలం చేశారు గాని ఆయన పేరు తలవకుండా ఒగ్గు కథ మాట రాదు. ఒగ్గు కథలో ఉండేది కొద్దిమందే. మల్లన్న కథ చెబుతూ చెబుతూనే కథకుడు రాజవుతాడు. భుజం మీది గుడ్డ తల మీద కప్పుకుంటే తల్లి అవుతాడు. ఆ కాసేపూ పక్కవాళ్లు డోలు, తాళం వదలకూడదు. వాళ్లు వదిలారా, వేషం మార్చినవాడు నలుగురిలో నవ్వులపాలవుతాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి. మళ్లీ పనిబడుతుంది.

"నువ్వో మనిషిని చేసుకో" అన్నాడు మావాడు. మన సంగతి తెలిసిందే కదా, ఒక్క టికెట్టుకు మూడు సినిమాలంటే వదులుతామా? యోధ, మంత్రగత్తె, దొంగ, మూడు విద్యలూ ఒక్కదానికే పెట్టాను. మావాడు వారించాడు, వినలేదు. ఆట మొదట్లోనే ఫ్రెండ్లీ ఆర్మ్ అనే సత్రం వస్తుంది. దాని మెట్ల మీద తార్నెష్ అని ఓ మంత్రగాడు కాచుకుని ఉంటాడు. వాడి చేతిలో నేను ఆరుసార్లు చచ్చాను. ఈ ఆటలో జట్టులో ఎవరు పోయినా బతికించుకోవచ్చు గాని మనం చేసుకున్న ముఖ్య పాత్ర పోతే ఆట అక్కడికి సరి. మళ్లీ మొదలు.

ఎందుకు చచ్చానంటే, నాకొచ్చే అనుభవం మూడు వాటాలవుతోంది. ఒక్క విద్యే ఉన్న దొంగకు 1,250 వస్తే రెండో మెట్టు. నా మూడు విద్యల మనిషి దొంగతనంలో రెండో మెట్టెక్కాలంటే మొత్తం 3,750 కావాలి. మంత్రంలో రెండో మెట్టుకు 7,500. పైగా ప్రాణబలం మూడు వృత్తుల సగటు. అంటే తొలి రోజుల్లో గట్టి దెబ్బ తగిలితే చాలు.

అప్పుడు మావాడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. లెక్కలవాడు కదా! ఆ లెక్క చూసి నేను ఆశ్చర్యపోయాను. మీరూ చూడండి. ఒక్క కత్తివిద్యే నేర్చినవాడికి 40,000 అనుభవం ఉంటే ఆరో మెట్టు మీద ఉంటాడు. అదే 40,000 కత్తికీ, మంత్రానికీ చెరి సగం పంచుకున్నవాడు కత్తిలో ఐదు, మంత్రంలో ఐదు! సొమ్ము సగమైనా తగ్గింది ఒక్క మెట్టే. కారణమేమంటే పై మెట్టుకు పోయేకొద్దీ కావలసింది దాదాపు రెట్టింపవుతూ పోతుంది. కత్తికి 2,000, 4,000, 8,000, 16,000, 32,000 ఇట్లా. అందుకని రెండు విద్యలు మొదట్లో బరువుగా అనిపించినా నడి దారికి వచ్చేసరికి లాభమే. మూడైతే ఒక్కోదానికి 13,333 వస్తుంది. కత్తి నాలుగు, మంత్రం నాలుగు, దొంగతనం ఐదు. పరవాలేదనిపిస్తుంది గాని అక్కడిదాకా బతికి బట్టకట్టాలి కదా! తొలిసారి ఆడేవాళ్లకు రెండు చాలు.

రెండు విద్యలు కలిపేటప్పుడు చూసుకోవలసిన సంగతులు నాకు తెలిసినంత వరకు ఇవీ.

మొదటిది, రెండు విద్యల పనిముట్లు ఒకదానితో ఒకటి పొసగాలి. కత్తిపీట మీద కూర్చుని పూరీలు ఒత్తలేం కదా. ఇనుప కవచం తొడుక్కుంటే మంత్రం పలకదు. కవచం విప్పితే కత్తి యుద్ధంలో ఆగలేం. అందుకని కత్తి, మంత్రం కలిపినవాణ్ణి ముందు వరసలో నిలబెడితే వాడి ఒక విద్య వృథా. అదే కత్తి, పూజ కలిపితే ఇద్దరికీ కవచం పనికొస్తుంది. కాకపోతే పూజారికి పదునైన ఆయుధం నిషేధం కాబట్టి గదో, సుత్తో పట్టుకోవాలి. అంత మాత్రానికి నష్టం లేదు.

రెండోది, మనిషిని కాదు, జట్టును చూసి విద్య ఎంచుకోవాలి. ఇంట్లో ముగ్గురికి ముగ్గురూ కూర తాళింపు పెట్టడం నేర్చి, బియ్యం కడిగేవాళ్లు లేకపోతే ఎట్లా? దెబ్బ కాచేవాళ్లు ఇద్దరు, మాన్పేవాళ్లు ఒకరు, తాళాలకూ ఉచ్చులకూ ఒకరు, మంత్రానికి ఒకరు. ఈ ఖాళీలు లేకుండా చూసుకుని, మిగిలిన చోటే జంట విద్యలు. దొంగ విద్య ముగ్గురికి పెట్టి ముగ్గురినీ అరకొరగా ఉంచడం కంటే ఒక్కరికి నిండుగా ఉంటే మేలు.

మూడోది, జంట విద్యలవాళ్లకు తొలి రోజుల్లో కాపలా కావాలి. వాళ్లను వెనక నిలబెట్టి చేతికి విల్లో, వడిసెలో ఇవ్వాలి.

ఆ సత్రంలోనే ఓ ఆలుమగలు మన జట్టులో కలుస్తారు. మొగుడి పేరు ఖాలిద్. మాట తడబడే నెమ్మదస్తుడు, కత్తివిద్య ఒక్కటే. భార్య జహీరా. ఆమెకు కత్తి, వనమూలికల విద్య రెండూ మొదటి నుంచీ ఉన్నాయి. యుద్ధం చేస్తుంది, గాయాలు మాన్పుతుంది, మధ్యలో మొగుణ్ణి గదమాయిస్తుంది. అనుభవం రెండు వాటాలవుతుంది కాబట్టి కత్తిలో మొగుడి కంటే ఒక మెట్టు వెనకే ఉంటుంది. ఆ ఒక్క మెట్టు చూసి తక్కువనుకుంటే మాత్రం రెండో చేతి పని లెక్క వేయనట్టే. నాకు మటుకు ఆమె బాగా నచ్చింది. మీకూ నచ్చుతుంది, ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఆటలో రెండు విద్యలకు రెండు దారులు. జహీరా లాగా మొదటి నుంచీ రెండూ కలిసి నడవడం ఒకటి. దాన్ని మల్టీక్లాస్ అంటారు. అది మామూలు మనుషులకు లేదు, ఎల్ఫులు, మరుగుజ్జులు వంటి ఇతర జాతులకే. మనుషులకున్న దారి వేరు. దాని పేరు డ్యూయల్ క్లాస్. ఉన్న విద్యను అక్కడికి ఆపేసి కొత్త విద్య మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. పాత విద్యకు కావలసిన గుణం కనీసం 15, కొత్త విద్యకు కావలసింది కనీసం 17 ఉండాలి. ఇంకో కఠినమైన నియమం ఉంది. కొత్త విద్యలో పాత మెట్టును దాటేదాకా పాత విద్య పనిచేయదు. ఉంటుంది, కానీ నిద్రపోతుంది. దాటిన రోజున రెండూ చేతికొస్తాయి. పాత విద్య మాత్రం ఇక పెరగదు.

ఆట మొదట్లోనే మనతో వచ్చే ఇమొయెన్ అనే అల్లరి పిల్ల ఉంది. దొంగ విద్య. చురుకుదనం 18, బుద్ధి 17. అంటే మంత్రం నేర్చుకోవడానికి సరిగ్గా సరిపోయే పిల్ల. మావాడి ఆటలో ఆమె నాలుగో మెట్టు మీద ఉంది. అప్పుడు మారిస్తే మంత్రంలో ఐదో మెట్టుకు 20,000 కావాలి. ఐదో మెట్టు దాకా ఆగి మారిస్తే ఆరో మెట్టుకు 40,000. ఏడు దాకా ఆగితే ఎనిమిదికి 90,000. ఈ మొదటి భాగంలో అనుభవానికి మొత్తం హద్దే 1,61,000. ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ కాలం నిద్ర.

మావాడికి ఇదంతా కంఠస్థం. అయినా ఆ పిల్లను మార్చడు. "ఇంకో పోరాటం అయినంక", "ఈ గుహ దాటినంక" అంటాడు. ఆమె ఐదో మెట్టు కూడా ఎక్కేసింది. మంత్రం పుస్తకం ఊసే లేదు.

"ఎందుకురా ఆపుతున్నవ్?" అని అడిగాను. అప్పటికి చిక్కుడుకాయలైపోయి బియ్యంలో రాళ్లేరుతున్నాను.

"మారిస్తె ఇగ దేనికీ పనికిరాదే" అన్నాడు తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా. "తాళం తీయరాదు. మంత్రం చూస్తె మొదటి మెట్టు. గన్ని రోజులు అందరికీ బరువే."

వాడు మాట్లాడుతున్నది ఇమొయెన్ గురించి కాదని నాకు అప్పుడు తట్టింది. చేతులు చాటలో ఆగిపోయాయి. ఏమనాలో తోచలేదు. తోచకపోయినా నోటికొచ్చింది అనేశాను.

"మిగిలిన ఐదుగురు ఉన్నరు గదరా. వాళ్లేం చేస్తున్నట్టు?"

వాడు మాట్లాడలేదు. చాలాసేపటికి మంత్రం మీద నొక్కాడు. ఇమొయెన్ మొదటి మెట్టుకు దిగిపోయింది.

ఆ రాత్రే సంగతి బయటపడింది. జనగామలో మోటార్ వైండింగ్ షాపు ఒకటుంది. అందులో పని నేర్చుకోవాలని వాడికి రెండు నెలలుగా మనసులో ఉందట. మా వైపు బోరు మోటార్లు కాలని ఊరు లేదు, కాలని నెల లేదు. పనికి కరువుండదు. కానీ డిగ్రీ చదివి, నాలుగేళ్లు ఆఫీసులో కూర్చుని, ఇరవై అయిదేళ్ల వయసులో గ్రీజు చేతులతో కుర్రపిల్లల పక్కన కూర్చోవడమా? బాపు ఏమంటాడు? వాడి భయం అదీ.

బాపు అన్నంత పనీ అన్నాడు. "సదివిందంత గంగల కలిపితివి గదరా" అని ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోయారు.

అయినా వాడు షాపుకు పోవడం మొదలుపెట్టాడు. మొదటి నెల టీలు తేవడం, కాలిన మోటారు విప్పి పాత రాగితీగ లాగడం. చుట్లు లెక్కబెట్టుకుని, తీగ మందం కొలుచుకుని, మళ్లీ అదే లెక్కన చుట్టాలట. లెక్క తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది. సంపాదన సున్నా. బస్సు కిరాయి నేనే ఇచ్చేదాన్ని.

అటు ఆటలో మాకూ గడ్డు రోజులే. ఇమొయెన్ మంత్రం నేర్చుకుంటున్నన్నాళ్లూ ఉచ్చులు కనిపెట్టేవాళ్లు లేరు. పాత శిథిలాల కింది సొరంగంలో ఉచ్చు మీద కాలేసి ఇద్దరం చచ్చాం. దాంతో ఆ సొరంగాలు తర్వాతకు వాయిదా వేసి బయట అడవుల్లోనే తిరిగాం. ఇది కూడా నేర్చుకోవలసిన ఉపాయమే. ఒక మనిషి విద్య నిద్రలో ఉన్నప్పుడు ఆ విద్య అవసరమయ్యే చోటికి జట్టు పోకూడదు. ఇంకో లెక్క చూడండి. పోరాటంలో వచ్చిన అనుభవం ఆరుగురికీ సమానంగా పంచుతారు. అంటే ఆ పిల్ల వాటాకు 20,000 రావాలంటే జట్టంతా కలిసి 1,20,000 సంపాదించాలి. మావాడు ఆలస్యం చేశాడు కాబట్టి మాకు అంతకు రెట్టింపు పట్టింది. ఆమె కొత్త విద్య నేర్చింది ఆమె ఒక్కతే అనుకుంటాం గాని డోలు కొట్టినవాళ్లు ఐదుగురు.

ఒకనాడు పొలం గట్టు మీద సద్ది తింటున్నప్పుడు మా ఆయనకు ఈ కథంతా చెప్పాను. ఆట అని చెప్పకుండా ఇమొయెన్ అనే ఓ పిల్ల ఉందని చెప్పాను. ఆయన అంతా విని, మంచినీళ్లు తాగి, "మల్ల ఆ పిల్లకు పాత విద్య ఎప్పుడొచ్చింది?" అన్నారు.

"ఇంక రాలే. ఇంకో రెండు మెట్లున్నయ్" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. మర్నాడు పొద్దున వాడి చొక్కా జేబులో బస్సు కిరాయికి నేను పెట్టబోతే అప్పటికే యాభై రూపాయల నోటు ఉంది.

ఇప్పటి ఆటలు ఇంత కఠినం కావట. 2023లో బెల్జియం దేశపు లేరియన్ కంపెనీ బాల్డర్స్ గేట్ మూడో భాగం తెచ్చింది. మా లాప్‌టాప్ దాన్ని మోయలేదు గాని నియమాలు మావాడు చెప్పాడు. జట్టులో నలుగురే. మొత్తం పన్నెండు మెట్లు. ఏ జాతివాళ్లయినా ఏ విద్యలో మెట్టెక్కినా పాత విద్య నిద్రపోదు. ఇక్కడ చేసే తప్పు ఇంకోటి. రెండు మెట్లు ఇది, రెండు మెట్లు అది అని తొందరపడి చీల్చడం. కత్తివాడికి ఒక్క వంతులో రెండు దెబ్బలు కొట్టే బలం ఐదో మెట్టులో వస్తుంది. మంత్రగాడికి అగ్నిగోళం వంటి పెద్ద మంత్రాలూ అక్కడే. కాబట్టి సాధారణంగా ఒక విద్యలో ఐదు దాకా పోయి, ఆ తర్వాతే రెండోది మొదలుపెట్టడం క్షేమం. తప్పు చేసినా విదర్స్ అనే ఓ అస్థిపంజరం ఉంటాడు. 100 బంగారు నాణేలిస్తే నేర్చినదంతా చెరిపి మళ్లీ మొదటి నుంచి కూర్చుకోనిస్తాడు.

అటువంటివాడు మా నర్మెట్టలో లేడు. ఉంటే ఎందరు తల్లులు వరసలో నిలబడేవారో!

మావాడు షాపులో చేరి ఐదు నెలలైంది. ఒంటరిగా మోటారు చుట్టేంత పని ఇంకా రాలేదు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి చేతులు సర్ఫుతో కడుక్కుని, అన్నం తిన్నాక ఓ గంట మేమిద్దరం ఆడతాం. పోయిన వారం ఆటలో ఇమొయెన్ మంత్రం ఆరో మెట్టెక్కింది. అదే పోరాటం చివర తలుపు తాళం కూడా ఆమే తీసింది. ఇద్దరం చప్పట్లు కొడితే పక్కింటి వదిన కిటికీలోంచి తొంగి చూసింది.

మొన్న వాడు షాపు నుంచి చినిగిన అట్ట ఉన్న పెద్ద పుస్తకం ఒకటి తెచ్చాడు. రైతుల బాకీల ఖాతా. ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరిది ఎంత బాకీనో షాపాయనకే తెలియకుండా ఉందట. లాప్‌టాప్‌లో గడులు గీసి ఒక్కొక్క పేరూ ఎక్కిస్తూ కూర్చున్నాడు. ఆ రోజు మాకు ఆట లేదు.

నేనేమీ అడగలేదు. చాట తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. కాసేపటికి మా ఆయన గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. "మనది గూడ బాకీ ఉన్నదారా అండ్ల?" అని అడిగారు.

"ఉన్నది బాపూ, మూడు వందల యాభై" అన్నాడు వాడు.